గేజి బల్ల మీద కనిపించిన నీళ్ళు

ఉద్యోగంలో ఉండగా నేను రాసిన ప్రాజెక్టు ప్లానుల్లోకెల్లా అందమైనది నూట పన్నెండు పేజీలుండేది. నీలం అట్ట, స్పైరల్ బైండింగు, మధ్యలో మడత విప్పితే బల్లంత పొడవున పరుచుకునే రంగుల చార్టు. ఆ చార్టు చూసి మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగారు, ఈఈగారంటాం, "ఇది ఫ్రేము కట్టించి పెట్టుకోవాలండీ" అన్నారు. ఆయన హాస్యానికి అనలేదు. నేనూ హాస్యమనుకోలేదు. ఆ ప్లాను సరిగ్గా ఆరు రోజులు నడిచింది.

సాఫ్ట్‌వేరు ఉద్యోగాల్లో కొత్తగా చేరినవాళ్ళు, మా వీధిలో వాళ్ళూ చర్చిలో వాళ్ళూ, అప్పుడప్పుడూ వచ్చి "ఆంటీ, ప్రాజెక్టు ఎలా మొదలుపెట్టాలి?" అని అడుగుతుంటారు. బాగా నడిచిన ప్రాజెక్టుల సంగతి వాళ్ళకి చెప్పను. అవి ఎందుకు బాగా నడిచాయో నాకే సరిగ్గా తెలియదు. ఇది మాత్రం ఎందుకు చెడిందో, ఎవరివల్ల చెడిందో బాగా తెలుసు. అందుకని మీకూ ఇదే చెబుతున్నాను.

మా శాఖ పేరు అక్కర్లేదు. కాలువలూ లాకులూ చూసుకునే శాఖ అనుకోండి, చాలు. పామర్రు దగ్గర పల్లెటూరి నుంచి డిగ్రీ పట్టుకుని వచ్చి అందులో జూనియర్ అసిస్టెంటుగా చేరాను. తర్వాత కంప్యూటరు కోర్సులు చేసి, పరీక్షలు రాసి, చివరికి బందరు ఆఫీసులో కంప్యూటర్ల విభాగానికి పెద్దనయ్యాను. విభాగమంటే నేను, మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటరు. ప్రోగ్రాములు రాయడానికి విజయవాడలో ఒక చిన్న కంపెనీకి కాంట్రాక్టు ఉండేది. ఏం రాయాలో వాళ్ళకి చెప్పడం నా పని.

మా డివిజనులో కాలువలన్నిటి మీదా కలిపి ఇరవై రెండు లాకులు, అంటే కాలువకి అడ్డంగా కట్టి షట్టర్లతో నీళ్ళు ఆపే కట్టడాలు. కొన్ని గుడివాడ వైపు, కొన్ని పామర్రు చుట్టుపక్కల, చివరివి దివిసీమలో. ఒక్కో లాకు దగ్గర ఒక లస్కరు ఉంటాడు. షట్టర్లు ఎత్తడం, దించడం, పొద్దున్నే గేజి చూడడం అతని పని. గేజి అంటే లాకు గోడకి నిలువుగా బిగించిన అంకెల బల్ల, పెద్ద స్కేలు లాంటిది. నీళ్ళు ఏ అంకె దాకా వస్తే కాలువలో అన్ని అడుగుల నీళ్ళున్నట్టు, అడుగులో పదో వంతు ఒక పాయింటు. లస్కర్లు ఆ అంకె ఫోనులో చెప్తే, మా ఆఫీసులో ఒక సీనియర్ గుమస్తాగారు పొడుగాటి రిజిస్టరులో రాసేవారు. ఆ రిజిస్టరు చూసుకుని ఈఈగారు ఏ లాకులో ఎంత వదలాలో, ఎంత ఆపాలో ఉత్తర్వులిచ్చేవారు. కాలువ చివరనున్న శివారు పొలాలకి నీళ్ళందడం అందకపోవడం ఆ అంకెల మీద ఆధారపడి ఉండేది.

ఆ గుమస్తాగారిని ఆఫీసంతా ఫోను మావయ్య అనేవాళ్ళం. అప్పటికి ముప్ఫై ఏళ్ళుగా ఆ ఫోను దగ్గరే ఉన్నారు. రిటైరు కావడానికి ఇంకా రెండేళ్ళుంది.

ఒక ఫిబ్రవరిలో ఈఈగారు నన్ను పిలిచి, "ఈ రిజిస్టర్లు, ఫోన్లు ఇంకెన్నాళ్ళండీ? లస్కరు తన సెల్లులోనే అంకె కొట్టాలి, అది నా గోడ మీద తెరలో కనపడాలి. తక్కువుంటే ఎరుపు, సరిపోతే ఆకుపచ్చ. జూన్లో కాలువలు వదిలేనాటికి ప్లాను, ట్రయలు రెండూ అయిపోవాలి" అన్నారు.

నాకు రెక్కలొచ్చినంత పనైంది. అప్పటికి నెల క్రితమే హైదరాబాదులో పదిహేను రోజులు ప్రాజెక్టు నిర్వహణ మీద ట్రైనింగు అయి వచ్చాను. అవసరం ఏమిటి, పరిధి ఎంత, సాధ్యమేనా, ఎవరెవరికి సంబంధం, ఏ వారం ఏ పని, ఎక్కడెక్కడ ప్రమాదం, అన్నీ వరసగా రాయడం నేర్పారు. ఆ నేర్చుకున్నదంతా దించేయడానికి ఇంతకన్నా మంచి అవకాశం రాదనుకున్నాను. మా ఆఫీసు కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని రెండు నెలలు రాశాను. మధ్యలో ఒక్క లాకు దగ్గరికైనా వెళ్ళలేదు. వెళ్ళాలని తోచనేలేదు. అంకెలన్నీ బందరుకే వస్తుంటే లాకు దగ్గర చూసేదేముంటుంది?

"ఇప్పటి పద్ధతి పరిశీలన" అని ఒక అధ్యాయం రాయాలి కాబట్టి ఒక పొద్దున మావయ్య పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చేతిలో స్టాప్‌వాచీ.

ఆయన మొదటి ఫోను ఎత్తారు. "ఏమయ్యా, గేదె ఈనిందా? దున్నా, పెయ్యా? సరే. నీళ్ళెంత? ఊఁ." రాసుకున్నారు. రెండో ఫోను. "ఏం అల్లుడూ, గొంతు అదోలా ఉంది, జ్వరమా? కాదా? మరి? ఊఁ, ఎంత? సరిగ్గా చూశావా? ఊఁ." మళ్ళీ రాసుకున్నారు. ఇలా ఇరవై రెండు. ఒక్కో ఫోనుకి సగటున మూడు నిమిషాలు తీసుకుంటున్నారు, అందులో అంకె చెప్పడానికి పట్టేది ఐదు సెకన్లు. నేను పట్టిక వేసి, "ప్రస్తుత విధానంలో అధిక సమయం సంబంధం లేని సంభాషణలకు వ్యయమవుతున్నది" అని రాశాను. ఆ వాక్యం ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. అంత బాగా రాశాననుకున్నాను.

ఫోన్లయ్యాక ఆయన ఫ్లాస్కులోంచి నాకు కాఫీ పోసిచ్చి, "మరి నేనేం చెయ్యాలమ్మా, ఇదొచ్చాక?" అని అడిగారు.

"మీకు హాయి మావయ్యా. పొద్దున్నే ఆరింటికి రానక్కర్లేదు."

"అంతేలే" అని కప్పు కడగడానికి వెళ్ళారు.

ఏప్రిల్ చివర్లో గుడివాడలో ఒక కల్యాణమండపం తీసుకుని ప్రారంభ సమావేశం పెట్టాం. ఇరవై రెండు మంది లస్కర్లూ వచ్చారు. ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, కొత్త సెల్‌ఫోన్లు పెట్టెల్లోంచి తియ్యడానికే భయపడుతూ ఒక పక్కగా కూర్చున్నారు. ఒక్కతే ఆడమనిషి, నలభై ఏళ్ళుంటాయి. దివిసీమలో చివరి నుంచి రెండో లాకు ఆమెది. భర్త పోతే ఆ ఉద్యోగం ఆమెకిచ్చారు. నేను తెర మీద గంటన్నర చూపించాను. టీ, బిస్కెట్లు అయ్యాయి. "ఏమైనా సందేహాలున్నాయా?" అన్నాను. నా చార్టులో సందేహాలకి కేటాయించింది పదిహేను నిమిషాలు. రెండో నిమిషంలోనే మైకు దించేయబోతుంటే ఆ దివిసీమ లస్కరమ్మ చెయ్యెత్తింది.

"మేడమ్‌గారూ, బల్ల మీద కనపడిందే కొట్టాలాండీ, ఉన్నది కొట్టాలాండీ?"

మండపంలో నలుగురైదుగురు నవ్వారు. నేనూ నవ్వాను. "కనపడిందే కొట్టండమ్మా. సొంత తెలివి ఏమీ కలపొద్దు. అంకె ఎంత ఉంటే అంత."

"సరేనండీ" అని కూర్చుంది.

ఆ రోజు సమావేశం మినిట్స్‌లో "సిబ్బంది ఏకగ్రీవంగా ఆమోదించారు" అని రాశాను. మావయ్యకి కబురు పెట్టలేదు. సంబంధించిన వాళ్ళ జాబితా అని నా ప్లానులో ఒక పేజీ ఉంది. అందులో పై ఆఫీసులు, కంపెనీ, ఇంజనీర్లు, లస్కర్లు, రైతు సంఘాలు, చివరికి సెల్లు టవర్ల వాళ్ళు కూడా ఉన్నారు. మావయ్య లేరు. పోబోయే పనికి మనిషి అక్కర్లేదు కదా అనుకున్నానేమో, గుర్తులేదు. మరిచిపోయాననడమే నిజం.

జూన్లో కాలువలు వదిలారు. అదే రోజు ట్రయలు మొదలైంది. ఈఈగారు మావయ్యని ఇన్‌వర్డు సెక్షనుకి వేశారు, వచ్చిన ఉత్తరాలకి నంబర్లు వేయడానికి. ఫోను మీద గుడ్డ కప్పారు. గోడ మీద తెర వెలిగింది. మొదట్లో ఎరుపులు, తర్వాత ఒక్కొక్కటే పచ్చబడుతూ నాలుగో రోజుకి దాదాపు అన్నీ ఆకుపచ్చే. ఈఈగారు ఆ తెర ముందు నిలబడి ఫొటో తీయించుకున్నారు. వచ్చే సోమవారం పై అధికారి ఒకాయన వచ్చి బటను నొక్కి ప్రారంభించాలని ముహూర్తం పెట్టారు.

ఐదో రోజు దివిసీమ నుంచి ఒకటి రెండు ఫోన్లు వచ్చాయి, శివారుకి నీళ్ళు రావట్లేదని. తెర చూశాను. ఆకుపచ్చ. "ఇంకో రోజు చూడండి, వస్తాయి" అని చెప్పాను. నిజంగా నమ్మే చెప్పాను.

ఆరో రోజు పొద్దున ఒక కౌలు రైతు బస్సెక్కి నేరుగా బందరు వచ్చేశాడు. యాభై దాటిన మనిషి. అరవలేదు, దబాయించలేదు. నా బల్ల ముందు నిలబడి, "అమ్మా, మా లాకులో నీళ్ళెంత ఉన్నాయని చూపిస్తోంది మీకు?" అని అడిగాడు.

"నాలుగు పాయింట్ రెండు. సరిపడా ఉన్నాయండీ."

"ఇది ఇవాళ పొద్దున్న తీసిందమ్మా" అని తన సెల్లు నా చేతికిచ్చాడు. వీడియో. కాలువ నుంచి పొలాలకి నీళ్ళు తీసుకెళ్ళే పంట బోదెలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. మూడు కర్రలు పాతి, బోదె అడుగున పిచ్ చేసుకుని, తుమ్మ చెట్టు దాకా కొడితే సిక్సర్ అని అరుచుకుంటున్నారు. వెనకాల నారుమడి ఎండుగడ్డి రంగులో ఉంది.

ఒక పక్క గోడ మీద పచ్చగా నాలుగు పాయింట్ రెండు. ఇంకో పక్క నా అరచేతిలో క్రికెట్టు. రెండూ ఒకే కాలువ.

"ఇంకో రెండు రోజులు తడి లేకపోతే నారు పోతుందమ్మా. మళ్ళీ పోసుకోవాలి" అన్నాడు.

ఈఈగారు ఆ రోజు విజయవాడ మీటింగులో ఉన్నారు. జీపు ఆయనతో వెళ్ళింది. నేను నా ప్లాను పుస్తకం సంచీలో వేసుకుని ఆ రైతుతో పాటే అవనిగడ్డ బస్సెక్కాను. ఎందుకు వేసుకున్నానో తెలియదు. అతని లాకు ఆ రోజు మండపంలో చెయ్యెత్తిన లస్కరమ్మదే. చల్లపల్లి దాటేదాకా, ఆమె అంకె తప్పు కొట్టి ఉంటుంది, ఒక నోటీసిస్తే సరి అనుకుంటూనే ఉన్నాను. మోపిదేవిలో గుడికొచ్చిన వాళ్ళతో బస్సు నిండిపోయింది. రైతు లేచి తన సీటు ఎవరో బాలింతకిచ్చి నిలబడ్డాడు.

లాకు చేరేసరికి పదకొండున్నర. లస్కరమ్మ షట్టరు చట్రానికి గ్రీజు రాస్తోంది. నన్ను చూసి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "బల్ల చూపించమ్మా" అన్నాను. చూపించింది. నీటి గీత నాలుగు పాయింట్ రెండు మీద ఉంది. ఆమె తప్పు కొట్టలేదు.

"మరి నీళ్ళేవి?"

"బల్ల కిందికి జారిందండీ. వంతెన రిపేరు చేసినప్పుడు గోడ పగిలితే ఊడదీసి మళ్ళీ బిగించారు, అప్పుడు ఇంత దిగువన బిగించేశారు." జానెడు కన్నా కాస్త ఎక్కువగా చేతులు పట్టి చూపించింది. "నాలుగూ రెండని కనపడితే ఉన్నది మూడూ నాలుగేనండీ. మూడూ నాలుగుకి శివారు బోదెలు ఎక్కవు."

"ఎన్నేళ్ళయింది జారి?"

"మా ఆయన ఉన్నప్పటి నుంచీ అంతేనండీ."

"మరి ఇన్నేళ్ళూ ఎలా జరిగింది?"

ఆమె నన్ను వింతగా చూసింది. "మావయ్యగారికి తెలుసు కదండీ. నేను నాలుగూ రెండంటే ఆయన మూడూ నాలుగు వేసుకుంటారు. నా ఒక్కదానిదే కాదు, అందరివీ అంతే. పై లాకులో మేట వేసింది. దాని పైదాంట్లో బల్ల మీద అంకెలే పోయాయి, అక్కడి లస్కరు కర్ర ముంచి చూస్తాడు. అన్నీ మావయ్యగారికి తెలుసండీ."

"నాకు చెప్పొచ్చు కదమ్మా."

"అడిగానుగా మేడమ్‌గారూ. కనపడిందే కొట్టమన్నారు."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే వివరం చెప్పింది. రైతు అవతలికి తిరిగి కాలువ చూస్తున్నాడు. నేను లాకు గట్టు మీద కూర్చున్నాను.

కాసేపటికి ఇన్‌వర్డు సెక్షనుకి ఫోను చేశాను.

"మావయ్యా, నేను."

"ఎక్కడున్నావమ్మా? గాలి చప్పుడు బాగా వస్తోంది."

"దివిసీమలో. లాకు మీద."

"అయితే చూశావన్నమాట" అన్నారు.

"చూశాను. మిగతా ఇరవై ఒకటీ చెప్తారా? రాసుకుంటాను."

రాసుకోవడానికి కాగితం కావాలి. సంచీలో ఉన్న కాగితం ఒక్కటే, నూట పన్నెండు పేజీల పుస్తకం. అందులో తెల్లగా ఖాళీగా ఉన్న చోటు ఆ రంగుల చార్టు వెనక వైపు. గట్టు మీద పరిచి, గాలికి ఎగరకుండా లస్కరమ్మ ఒక కొస, రైతు ఒక కొస పట్టుకుంటే, మావయ్య చెప్పింది చెప్పినట్టు రాశాను. ఒక లాకులో పడవలవాళ్ళు తాడు కట్టి కట్టి బల్ల వంగింది, మూడు పాయింట్లు తగ్గించాలి. ఇంకోదాంట్లో గుర్రపుడెక్క అడ్డుపడి నీళ్ళు ఎగదన్నుతాయి, డెక్క తీశారా అని ముందు అడగాలి. గుడివాడ పక్క ఒక లస్కరుకి చివాట్లంటే భయం, తక్కువుంటే ఎక్కువ చెప్తాడు, గొంతు నసిగితే రెండు పాయింట్లు తీసేయాలి. ఒకాయనకి చూపు తగ్గింది, ఇంట్లో కోడలు చూసి చెప్తుంది, ఆమె చెప్పింది నమ్మొచ్చు. ఇరవై రెండింటిలో బల్ల మీద అంకె ఉన్నదున్నట్టు రాసుకోదగ్గవి ఆరే ఉన్నాయి.

నేను స్టాప్‌వాచీ పట్టుకుని కొలిచిన ఆ మూడు నిమిషాల్లో ఆయన చేస్తున్న పని అది. గేదె సంగతి, జ్వరం సంగతి కూడా అందులో భాగమే. లస్కరు మనసు ఎక్కడుందో తెలిస్తే అంకె ఎంత నమ్మాలో తెలిసేది.

తర్వాత ఈఈగారికి చేశాను. మీటింగులోంచి బయటికొచ్చి, "తెర పాడైందా?" అన్నారు.

"తెర బాగానే ఉందండీ. ప్లాను తప్పు. నేను రాసింది తప్పు. మనకి కనపడుతున్న నీళ్ళు కాలువలో లేవు."

ఆయన తిడతారని సిద్ధంగా ఉన్నాను. తిట్టారు కూడా, కానీ మర్నాడు. అప్పుడు మాత్రం ఒక్క ప్రశ్న వేశారు. "పైనుంచి ఎంత వదలమనాలి?"

"మావయ్యని అడిగి చెప్తానండీ."

"ఆయన్ని నాకు కలపమనండి. నేనే అడుగుతాను."

ఆ మధ్యాహ్నమే ఫోను మీద కప్పిన గుడ్డ తీశారట. మర్నాటి సాయంత్రానికి నీళ్ళు శివారుకొచ్చాయి. కొన్ని నారుమళ్ళు తేరుకున్నాయి. కొన్ని పోయాయి. మాతో చార్టు పట్టుకున్న ఆ కౌలు రైతుది పోయింది. పది రోజులు వెనకబడి మళ్ళీ పోసుకున్నాడు. నేను తర్వాత వారం వాళ్ళ ఊరు వెళ్ళి, జరిగిన పొరపాటు లస్కరమ్మది కాదు, నాదని రైతు సంఘం వాళ్ళ ముందు చెప్పాను. ఎవరో ఇద్దరు నాలుగు మాటలన్నారు. ఆ రైతు మాత్రం, "కాలువ మీదికొచ్చి చూసిన ఆఫీసరు మీరొక్కరేనమ్మా. కాపోతే ముందే రావాల్సింది" అన్నాడు. ఆ రెండో వాక్యం నా వెంట ఇంటిదాకా వచ్చింది.

సోమవారం ముహూర్తం రద్దయింది. పై ఆఫీసు నుంచి నాకో మెమో వచ్చింది, ప్రాజెక్టు ఆలస్యానికి సంజాయిషీ ఇవ్వమని. సంజాయిషీ రెండు వాక్యాల్లో రాశాను. నా సర్వీసులో అంత చిన్నగా నేనింకేమీ రాయలేదు.

మావయ్యతో మాట్లాడాల్సిన మాట మిగిలిపోయింది. ఒక మధ్యాహ్నం ఇన్‌వర్డు సెక్షనుకి వెళ్ళి ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఉత్తరాల మీద నంబర్లు వేస్తున్నారు, ఒక్కో నంబరూ అచ్చు గుద్దినట్టు.

"నాకెందుకు చెప్పలేదు మావయ్యా?"

"నువ్వు అడిగినదానికి చెప్పానమ్మా. ఎంతసేపు పడుతోందని అడిగావు. ఏం చేస్తున్నారని అడగలేదు."

ఆయన కలం పక్కన పెట్టారు.

"నాదీ తప్పుందిలే. రోషపడ్డాను. ముప్ఫై ఏళ్ళ పనిని అంత తేలిగ్గా తీసేస్తుంటే, చూద్దాం ఎలా చేస్తారో అనుకున్నాను. చెప్పి ఉంటే ఆ నారు బతికేది. అది నా లెక్కలోనూ ఉంది."

"కొత్త ప్లాను రాయాలి. నాతో కూర్చుంటారా?"

"కూర్చోనమ్మా" అన్నారు. నా మొహం ఎలా మారిందో ఏమో, వెంటనే, "తిరుగుతాను. ఇరవై రెండు లాకుల్లో నేను కళ్ళారా చూసింది తొమ్మిదే. మిగతావాళ్ళ గొంతులే తెలుసు నాకు" అన్నారు.

ఈఈగారు జీపు ఇచ్చారు. ఆ పదిహేను రోజులు నా ఉద్యోగంలో అన్నిటికన్నా సరదాగా గడిచిన రోజులు. పొద్దున్నే బందరులో ఇడ్లీలు కట్టించుకుని బయల్దేరేవాళ్ళం. లెవెలు కొలిచే సర్వేయరు ఒకాయన వెనక సీట్లో తన మూడుకాళ్ళ స్టాండు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. లాకు దగ్గర జీపు ఆగేది. లస్కరు నాకు దణ్ణం పెట్టి, మావయ్యని చూసి ఎవరో డ్రైవరుగారి తాలూకు అనుకునేవాడు. మావయ్య ముందు గేజి బల్ల దగ్గరికి వెళ్ళి అంకె చూసుకునేవారు. తర్వాత మెల్లిగా, "ఏమయ్యా, కోడలికి నెలలు నిండాయా?" అనేవారు. అంతే, ఆ మనిషి ఉలిక్కిపడి తిరిగేవాడు. ఇరవై ఏళ్ళుగా రోజూ పొద్దున్న చెవిలో వినే గొంతు, ఎదురుగా ఎర్రంచు పంచె కట్టుకుని నిలబడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఒకాయన మావయ్య చెయ్యి పట్టుకుని లాకు చుట్టూ తిప్పి, షట్టర్లన్నీ ఒక్కొక్కటే చూపించాడు. గొంతు నసిగే గుడివాడ లస్కరు మావయ్యని చూడగానే, "నిన్న చెప్పింది కొంచెం ఎక్కువేనండీ" అని తనంతట తనే ఒప్పుకున్నాడు.

దివిసీమ లాకు దగ్గర లస్కరమ్మ మాకు ముంజెలు కొట్టి పెట్టింది. మావయ్య తింటూ, "మీ ఆయన గొంతు కూడా నాకు గుర్తుందమ్మా. ఎప్పుడూ దగ్గి మొదలుపెట్టేవాడు" అన్నారు. ఆమె పమిట కొంగు నోటికడ్డం పెట్టుకుని, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా, చాలాసేపు కాలువ వైపు తిరిగి నిలబడింది.

కొత్త ప్లాను తొమ్మిది పేజీలు. మొదటి రెండు పేజీలూ లాకుల పట్టిక: ఏ బల్లలో ఎంత తేడా, ఎందువల్ల, సరిచేయగలమా లేదా. సంబంధించిన వాళ్ళ జాబితాలో మొదటి పేరు మావయ్యది. ప్రోగ్రాము రాయడం ఐదో పేజీ దాకా మొదలుకాదు. కంపెనీవాళ్ళు అది చూసి, "ఇందులో సగం తాపీపనే ఉంది కదండీ" అన్నారు. అవునన్నాను. ఆ ఏడాది పంటకాలం అంతా పాత పద్ధతే నడిచింది. రిజిస్టరు, ఫోను, ఊఁ. కాలువలు కట్టేశాక వేసవిలో తాపీమేస్త్రీలు లాకు లాకుకీ వెళ్ళి బల్లలు ఊడదీసి, సర్వేయరు చెప్పిన చోట మళ్ళీ బిగించారు. అంకెలు పోయినచోట కొత్తవి పెట్టారు. మేట వేసినచోట పూడిక తీశారు. తీయలేని చోట్ల, అంకెతో పాటు ఒక మాట కూడా రాసుకునే జాగా సెల్లులో పెట్టించాం. డెక్క ఉంది, కోడలు చూసింది, అనుమానంగా ఉంది, ఏదైనా సరే.

మీరు ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడు తొందరపడకండి అని సలహా ఇవ్వను. తొందరపెట్టేవాళ్ళు ఎలాగూ ఉంటారు, వాళ్ళ తొందరకీ కారణాలుంటాయి. కానీ ఆ పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారో వాళ్ళ పక్కన కూర్చునేటప్పుడు, గడియారం ఇంట్లో పెట్టి వెళ్ళండి. ఇంతకన్నా పెద్ద మాట నా దగ్గర లేదు.

మళ్ళీ జూన్ వచ్చింది. కాలువలు వదిలిన మూడో రోజు పొద్దున ఏడింటికి ఈఈగారి గదిలో తెర వెలిగించాం. ఈసారి పై అధికారీ లేడు, ఫొటోలూ లేవు. గదిలో ఈఈగారు, నేను, రిటైర్మెంటుకి ఇంకా కొన్ని నెలలున్న మావయ్య. లాకులు ఒక్కొక్కటే వచ్చాయి. గుడివాడ వైపువి పచ్చగా వచ్చాయి. పామర్రు పక్కవి పచ్చ. దివిసీమలో చివర్నించి రెండోది వచ్చింది. రెండు పాయింట్ తొమ్మిది. ఎరుపు.

ఈఈగారు కుర్చీలోంచి ముందుకు వంగారు. "ఇదేంటండీ? ఇన్ని చేశాక కూడా ఎరుపా?"

నేను మావయ్య వైపు చూశాను. ఆయన అప్పటికే సెల్లు చెవి దగ్గర పెట్టుకున్నారు. లస్కరమ్మతో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేశారు.

"నిజమేనండీ. అక్కడ ఉన్నది అంతే."

ఈఈగారు ఆ ఎర్రటి అంకెని కాసేపు చూశారు. నాకైతే ఆ ఎరుపు ఎంత బాగుందో చెప్పలేను. ఆయన కాగితం లాక్కుని పై లాకు పేరు రాసి, "సరే, ఎంత ఎత్తమనాలి?" అన్నారు.